చూపులో రంపపు గీతలు, మాయమయ్యే అక్షరాలు: ఆరా మైగ్రేన్‌తో రోజులు నడపడం ఎలా?

లాసన్స్‌బే_నడక

పార్శ్వపు నొప్పి (మైగ్రేన్) మీద ఇక్కడ పాత థ్రెడ్లు చాలానే ఉన్నాయి కానీ ఎక్కువ భాగం "ఏ మాత్ర మంచిది" దగ్గరే ఆగిపోయాయి. నొప్పికి ముందు చూపులో వచ్చే తేడా గురించి, డాక్టర్లు ఆరా అనే దాని గురించి, విడిగా ఒకచోట ఉండాలని ఇది మొదలుపెడుతున్నా. తెలిసినవాళ్లు తెలిసిన ముక్క రాయండి. సొంత అనుభవాల కథలు వద్దు, పనికొచ్చే వివరం కావాలి.

ముందు మాటల దగ్గరే తేల్చుకుందాం. మనవాళ్లు డాక్టరు ముందు కూర్చుని "కళ్లు బైర్లు కమ్మాయండీ" అనేస్తారు. దాంతో పరీక్ష దారి తప్పుతుంది. కూర్చున్న మనిషి గబుక్కున లేచినప్పుడు రెండు కళ్ల ముందూ నల్లబడి, కొన్ని సెకన్లలో సర్దుకుంటే అది బైర్లు కమ్మడం, బీపీ ఒక్కసారిగా పడిపోవడం. రోజంతా మసగ్గా ఉంటే అద్దాల నంబరో శుక్లమో చూడాలి. చీకట్లో కన్ను తిప్పినప్పుడు ఒక కంటి అంచున తళుక్కుమంటే అది రెటీనా వ్యవహారం.

ఆరా ఈ మూడింటిలో ఏదీ కాదు. చదువుతుంటే, చూపు నిలిపిన చోటుకి పక్కనే రెండు అక్షరాలు మాయమవుతాయి. ఆ ఖాళీ అంచున మిలమిల మొదలవుతుంది. అది రంపపు పళ్లలా, కోటగోడను పైనుంచి చూసినట్టు మెలికలు తిరిగి, అర్ధచంద్రాకారంలో పెరుగుతూ ఒక పక్కకే జరిగి, 20 నుంచి 30 నిమిషాల్లో చూపు అంచు దాటి పోతుంది. కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. తలనొప్పి ఆ తర్వాత, సాధారణంగా గంటలోపు మొదలవుతుంది.

తేలాల్సినవి: ఇది కంటిదా మెదడుదా అని ఇంట్లోనే ఎలా చూసుకోవాలి? మాత్ర ఎప్పుడు? బండి మీద ఉంటే ఏం చేయాలి? ఇంట్లో లైట్ల సంగతి ఏమిటి?

కంటిపరీక్ష_వాల్తేరు

మొదటి ప్రశ్నకి నేను రాస్తాను. గీతలు కనబడగానే చేయాల్సిన పని ఒకటే. అరచేత్తో ఎడమ కన్ను పూర్తిగా కప్పి ఎదురుగా గోడ గడియారం మధ్య ముల్లుని చూడండి. తర్వాత కుడి కన్ను కప్పి అదే చేయండి. వేళ్లతో నొక్కకండి, నొక్కితే వేరే మెరుపులు వస్తాయి. ఏ కన్ను కప్పినా గీతలు అదే పక్క, అదే చోట కనిపిస్తే అది మెదడు వెనక భాగంలో జరుగుతున్నది. ఒక కన్ను కప్పగానే పూర్తిగా పోయి, రెండో కన్ను కప్పితే ఉందంటే మొదట కప్పిన ఆ కంటిలోనే ఏదో ఉన్నట్టు.

ఇక్కడ చాలామంది పొరపడతారు. చూపులో కుడి సగంలో తేడా వస్తే "కుడి కన్ను పోయింది" అంటారు. కుడి సగం వేరు, కుడి కన్ను వేరు. ఒక్కొక్క కన్నూ కప్పి చూడకపోతే ఇది ఎవరికీ తెలియదు. తర్వాత డాక్టరు ఎంత గుచ్చి అడిగినా జ్ఞాపకంతో చెప్పలేరు. అందుకే ఆ నిమిషంలోనే చూసుకోవాలి.

రెండో పని: పిల్లల లెక్కల గ్రాఫ్ కాగితం ఒకటి పర్సులో పెట్టుకోండి. మధ్యలో పెన్నుతో చుక్క. ఆ చుక్కనే చూస్తూ గీత ఎక్కడుందో పెన్సిల్‌తో వేసి పక్కన టైం రాయండి. ప్రతి 5 నిమిషాలకీ అదే కాగితం మీద మళ్లీ. నాలుగు గీతలు పడితే చాలు, అది ఎటు నుంచి ఎటు ఎంత వేగంగా పోయిందో కాగితమే చెబుతుంది. న్యూరాలజిస్టుకి స్కాన్ ఫైలు కంటే ముందు చూపించాల్సింది ఇదే.

ఒక కంటిలోనే అయితే ఆలస్యం చేయకూడని గుర్తులు: ఆ కంట్లో కొత్తగా మసి రాలినట్టు నల్లచుక్కలు కుప్పగా రావడం, పక్క నుంచి తెర దిగినట్టు నల్లబడటం. అది రెటీనా ఊడటం కావచ్చు, అదే రోజు చూపించాలి. ఒక కన్ను కొన్ని నిమిషాలు పూర్తిగా చీకటై మళ్లీ వస్తే, నొప్పి లేకపోయినా సరే, మెడ రక్తనాళాల పరీక్ష దాకా వెళ్లాలి. బల్బు చుట్టూ రంగుల వలయాలు, కన్ను ఎర్రబడి రాయిలా గట్టిపడి, పక్కన తలపోటు, వాంతి ఉంటే కంటి ఒత్తిడి హఠాత్తుగా పెరిగిన గ్లకోమా. దాన్ని మైగ్రేన్ అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి చూపు పోవచ్చు.

మన విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాక జంక్షన్ దగ్గర ఎల్వీ ప్రసాద్ వారిది ఉంది. కంటి పాప పెద్దది చేసే చుక్కలు వేస్తారు కాబట్టి తోడు మనిషిని తీసుకెళ్లండి. నాలుగైదు గంటలు దగ్గరివి కనబడవు, ఎండ భరించలేరు, బండి నడపకూడదు.

న్యూరోవార్డు_సిస్టర్

పై కాగితం సలహా చాలా విలువైనది. ఎందుకో చెబుతాను.

ఆరాలో మెదడు పైపొర మీద ఒక అల నడుస్తుంది. ముందు కణాలు ఒక్కసారిగా రేగుతాయి, వెనకాలే కొంతసేపు మూగబోతాయి. రేగిన అంచు మనకి మెరిసే రంపంలా కనిపిస్తుంది, మూగబోయిన భాగం ఖాళీలా ఉంటుంది. వేగం నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్లు. కార్ల్ లాష్లీ అనే శాస్త్రవేత్త తన చూపులో గీత కదిలే తీరు గీసుకుని 1941లో ఈ వేగం లెక్క కట్టారు. 1944లో బ్రెజిల్‌కి చెందిన లియావో అమెరికాలోని హార్వర్డ్‌లో కుందేళ్ల మెదడు మీద అలాంటి అలనే చూశారు. రెండూ ఒకటేనని తర్వాతి వాళ్లకి అర్థమైంది.

గీత మొదట్లో నత్తలా కదిలి, చూపు అంచుకి వచ్చేసరికి వేగం పుంజుకున్నట్టు ఉంటుంది కదా. అల వేగం మారదు. చూపు మధ్యభాగానికి మెదడు చాలా ఎక్కువ స్థలం ఇచ్చింది, అంచులకి తక్కువ. అందుకే మధ్యలో దాటడానికి ఎక్కువసేపు పడుతుంది.

పక్షవాతం నుంచి దీన్ని వేరు చేసేది ఈ నడకే. రక్తనాళం మూసుకుపోతే తేడా ఒక్క క్షణంలో పూర్తిగా వస్తుంది, మెరుపు ఉండదు, చీకటే ఉంటుంది. ఆరా 5 నిమిషాలైనా తీసుకుని పాకుతుంది, ఒక్కో లక్షణం 5 నుంచి 60 నిమిషాలు ఉండి పోతుంది. కొందరికి చూపు తర్వాత వేళ్ల కొసల్లో తిమ్మిరి మొదలై ముంజేయి మీదుగా పెదవికి, నాలుకకి పాకుతుంది, ఆ తర్వాత మాట తడబడుతుంది. ఒకదాని వెనక ఒకటి వరసగా రావడం ఆరా లక్షణం. మూడూ ఒకేసారి దెబ్బకి వస్తే 108కి ఫోన్ చేయాల్సిందే.

ఇంకా ఆలోచించకుండా వెళ్లాల్సినవి: చెయ్యి కాలు బలం తగ్గడం (తిమ్మిరి వేరు, బలం పోవడం వేరు), మూతి వంకర, గంట దాటినా తగ్గని ఆరా, నిమిషంలోపే పరాకాష్ఠకి చేరిన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, గర్భిణికి లేదా బాలింతకి కొత్తగా రావడం, 50 దాటాక జీవితంలో మొదటిసారి రావడం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటల గడువు ఉంటుంది. "కాసేపు పడుకుంటే పోతుందిలే" అని అందులో మూడు గంటలు పోగొట్టుకోవద్దు. చివరిసారి మనిషి మామూలుగా ఉన్న టైం ఎంతో చెప్పగలిగినవాళ్లు తోడు రావాలి.

పెందుర్తి_చదువరి

తలనొప్పి అసలు రాకుండా గీతలు మాత్రమే వచ్చి పోతే అది మైగ్రేన్ అవుతుందా? మా పెద్దవాళ్లు కంటి నరం బలహీనత అంటారు, పసరు పోయించమంటారు.

న్యూరోవార్డు_సిస్టర్

అవుతుందమ్మా. నొప్పి లేని ఆరా ఉంది, వయసు పెరిగేకొద్దీ కొందరిలో నొప్పి తగ్గిపోయి ఆరా ఒక్కటే మిగులుతుంది. కానీ పెద్ద వయసులో మొదటిసారి అలా వస్తే డాక్టరు పరీక్షించాకే ఆ పేరు పెట్టాలి.

పసరు మాత్రం కంట్లో గానీ ముక్కులో గానీ పోయించవద్దు. ఆకు పసరుతో నల్లగుడ్డు మీద పుండు పడి, మచ్చతో చూపు తగ్గినవాళ్లు కంటి ఆసుపత్రుల్లో కొత్త కాదు. ఆరా మెదడులోది, కంట్లో పోసింది అక్కడికి చేరదు. పెద్దవాళ్లకి కోపం రాకుండా ఆ ఒక్క మాట చెప్పు.

మందులకొట్టు_మద్దిలపాలెం

మాత్రల టైమింగ్ నేను రాస్తాను. మోతాదులు పెద్దవాళ్లకి మామూలుగా రాసేవి. మీ చీటీ మీద వేరేగా ఉంటే చీటీయే లెక్క.

గీతలు మొదలవగానే నొప్పి మాత్ర: నాప్రోక్సెన్ 500 మి.గ్రా. లేదా ఐబుప్రొఫెన్ 400, అవి పడనివాళ్లకి పారాసెటమాల్ 1000. నొప్పి వచ్చేదాకా ఆగకండి, మాత్ర కరిగి రక్తంలోకి చేరేసరికి అరగంట నుంచి గంట పడుతుంది, ఆరా కూడా అంతేసేపు ఉంటుంది. అంటే ఆరా మీకు ముందుగా అందిన హెచ్చరిక, దాన్ని వాడుకోవాలి. మైగ్రేన్ సమయంలో పొట్ట కదలిక మందగిస్తుంది, మాత్ర అక్కడే నిలిచిపోతుంది. అందుకే డోమ్‌పెరిడోన్ 10 మి.గ్రా. కలిపి రాస్తారు, వాంతి ఉన్నా లేకపోయినా. గుండె లయ సమస్య ఉన్నవాళ్లు దాన్ని అడిగి వాడాలి. ఖాళీ కడుపున వేయకండి, రెండు బిస్కెట్లో అరటిపండో చాలు. అల్సర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి నాప్రోక్సెన్, ఐబుప్రొఫెన్ వద్దు.

ఒక హెచ్చరిక మన ఊరికి ప్రత్యేకంగా. వానాకాలంలో జ్వరంతో తలనొప్పి అయితే డెంగ్యూ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ మూడూ మానండి. పారాసెటమాల్ ఒక్కటే.

ఋషికొండ_స్క్రీన్

నాప్రోక్సెన్ కంటే ట్రిప్టాన్ (సుమాట్రిప్టాన్ లాంటి, మైగ్రేన్‌కి వాడే మాత్రల రకం) బలమైనది కదా. గీతలు కనబడిన క్షణంలోనే సుమాట్రిప్టాన్ వేసుకుంటే నొప్పి అసలు రాకుండా ఆగుతుందని చాలాచోట్ల రాస్తున్నారు.

మందులకొట్టు_మద్దిలపాలెం

లేదండి, అది సరికాదు. ఆరా సమయంలో ట్రిప్టాన్ ఇచ్చి పరీక్షించి చూశారు. హాని లేదు గానీ నొప్పిని ఆపలేదు, మాత్ర వృథా. నొప్పి మొదలైన వెంటనే, ఇంకా చిన్నగా ఉన్నప్పుడే వేయాలి. సుమాట్రిప్టాన్ 50 మి.గ్రా. లేదా రిజాట్రిప్టాన్ 10. తగ్గి మళ్లీ తిరగబెడితే 2 గంటల తర్వాత రెండోది. మొదటిది ఏమాత్రం పని చేయకపోతే అదే దాడికి రెండోది వేసి లాభం లేదు, వేరే మందు కావాలి. సుమాట్రిప్టాన్ 24 గంటల్లో మొత్తం 200 మి.గ్రా. దాటకూడదు. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లకీ, బీపీ అదుపులో లేనివాళ్లకీ ట్రిప్టాన్ అసలు ఇవ్వం.

కౌంటర్ దగ్గర ఎక్కువగా తప్పిపోయేది ఒకటుంది. నివారణకి ప్రొప్రనొలాల్ వాడుతున్నవాళ్లకి రిజాట్రిప్టాన్ రక్తంలో ఎక్కువగా చేరుతుంది. వాళ్లకి 5 మి.గ్రా. మాత్రే. ఇద్దరు డాక్టర్లు రెండు చీటీల మీద రాస్తే ఈ సంగతి ఎవరి కంటా పడదు, అందుకే పాత చీటీ కూడా తీసుకురండి.

ఎర్గొటమిన్, కెఫీన్, పారాసెటమాల్ కలిపిన మాత్రలు చీటీ లేకుండా అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ట్రిప్టాన్ వేసిన రోజు అది కలపకూడదు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్ వాడుతుంటే ఎర్గొటమిన్ వల్ల చేతికాళ్ల రక్తనాళాలు ప్రమాదకరంగా ముడుచుకుపోతాయి. వేళ్లు చల్లబడి నీలంగా మారితే నేరుగా ఆసుపత్రికే.

లెక్క: ట్రిప్టాన్, ఎర్గొటమిన్, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు నెలకి 10 రోజులు, ఒంటరి నొప్పి మాత్రలు 15 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే మాత్రే తలనొప్పి తెస్తుంది. మాత్రల సంఖ్య కాదు, మాత్ర వేసుకున్న రోజుల సంఖ్య చూడాలి. స్ట్రిప్ వెనక తేదీ రాసుకునే అలవాటు చాలా మందిని కాపాడింది.

పెందుర్తి_చదువరి

పిల్లలు పుట్టకుండా వాడే మాత్రలకీ దీనికీ సంబంధం ఉందని విన్నాను. ఏది నిజం?

న్యూరోవార్డు_సిస్టర్

నిజమే. ఇది అందరూ చదవాలి. ఆరా ఉన్న మైగ్రేన్‌లో పక్షవాతం అవకాశం మామూలు వాళ్లకంటే సుమారు రెట్టింపు. యువతుల్లో అసలు అవకాశమే చాలా తక్కువ కాబట్టి రెట్టింపైనా తక్కువే, భయపడాల్సిన పని లేదు. కానీ దాని మీద ఈస్ట్రోజెన్ చేరితే లెక్క మారుతుంది. ఆరా ఉన్నవాళ్లు ఏ వయసులోనైనా ఈస్ట్రోజెన్ కలిసిన మాత్ర వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఉంది. మాలా-డి, మాలా-ఎన్ రెండింటిలోనూ ఈథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మి.గ్రా. ఉంది. పీసీఓడీకనీ, నెలసరి సరిచేయడానికనీ, మొటిమలకనీ రాసే హార్మోన్ మాత్రల్లో చాలావాటిలోనూ ఉంటుంది. అక్కడే మోసపోతారు, ఎందుకంటే వాటిని ఎవరూ గర్భనిరోధక మాత్రలు అనుకోరు.

కాపర్-టీలో హార్మోన్ లేదు. ఛాయా అనే గర్భనిరోధక మాత్రలో ఈస్ట్రోజెన్ లేదు: మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకటి. స్త్రీల డాక్టరు దగ్గర "నాకు తలనొప్పి ఉంది" అంటే సరిపోదు. "నొప్పికి ముందు చూపులో గీతలు వస్తాయి" అని అదే మాట చెప్పాలి. పొగ తాగే అలవాటు కూడా ఉంటే మానడం మందులన్నిటికంటే ముందు.

చోక్‌స్టార్టర్_గాజువాక

లైట్ల సంగతి నాకు వదిలేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే పాత చోక్ ఉన్న ట్యూబులైటు సెకనుకి 100 సార్లు వెలిగి ఆరుతుంది. కంటికి తెలియదు, మెదడుకి తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ చోక్ వేస్తే అది సెకనుకి 20,000 పైన వెళ్లిపోతుంది, ఇక ఇబ్బంది ఉండదు. ట్యూబు కొసలు నల్లబడి దడదడలాడుతుంటే అది ఇంకా నెమ్మది మినుకు, వెంటనే ట్యూబు గానీ స్టార్టరు గానీ మార్చాలి.

ఎల్‌ఈడీ అంటే మినుకు ఉండదనుకోకండి. చవక బల్బుల్లో డ్రైవర్ సరిగా ఉండదు, అది కూడా 100 సార్లే మినుకుతుంది. కొనేముందు షాపులోనే ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో పెట్టి బల్బు వెలుగు పడ్డ తెల్లగోడని తీయండి. నల్లటి పట్టీలు పాకుతూ ఉంటే లేదా వెలుగు దడదడలాడితే ఆ బల్బు వద్దు. ఫోన్ లేకపోతే వెలుగులో పెన్నుని విసనకర్రలా ఊపండి. పెన్ను నీడలు విడివిడిగా మెట్లుమెట్లుగా కనిపిస్తే మినుకు ఉంది, మసకగా కలిసిపోతే మంచిది.

అన్నిటికంటే పెద్ద తప్పు ఫాల్స్ సీలింగ్ ఇళ్లలో ఉంటోంది. మధ్యలో ఫ్యాను, దాని పైన చుట్టూ ప్యానెల్ లైట్లు. ఫ్యాను నిమిషానికి 300 చుట్లు తిరిగితే సెకనుకి 5, మూడు రెక్కలు కాబట్టి సెకనుకి 15 సార్లు వెలుగు తెగుతుంది. మెదడుని బాగా రెచ్చగొట్టే మినుకు వేగాలు సరిగ్గా ఆ దరిదాపుల్లోనే ఉన్నాయి. మందు ఏమిటంటే దీపం రెక్కల కంటే కింద ఉండాలి: పాత ఇళ్లలో గోడ మీద ట్యూబు పెట్టినట్టు. లేదా మూలలో నేల దీపం. ప్యానెల్ లైట్ల స్విచ్ విడిగా తీసి, ఫ్యాను తిరిగేటప్పుడు అవి ఆపి ఉంచుకునేలా వైరింగ్ చేయించుకోండి. ఉప్పుగాలికి స్విచ్ కాంటాక్టులు తుప్పు పట్టి వెలుగు వణకడం బీచ్ దగ్గరి ఫ్లాట్లలో మామూలే, ఏడాదికోసారి చూపించండి.

ఇంట్లో నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే ఇవేవీ లేకుండా సరిపోతుంది కదా అని అడిగేవాళ్లున్నారు. అదీ ఒక దారే.

కంటిపరీక్ష_వాల్తేరు

లైట్ల వివరం అంతా బాగుంది, చివరి వాక్యం మాత్రం మార్చుకోవాలి. ఇంట్లో నల్లద్దాలు పెట్టుకుంటే కన్ను చీకటికి అలవాటు పడి, తీసినప్పుడు మామూలు వెలుగు కూడా ముల్లులా గుచ్చుతుంది. రోజూ చేస్తే వెలుగు భయం పెరుగుతుంది. దాడి నడుస్తున్న గంటల్లో పరదా వేసుకుని పడుకోవడం వేరు, రోజంతా చీకట్లో బతకడం వేరు.

లోపలికి కావాలంటే ఎఫ్‌ఎల్-41 అనే లేత గులాబీ రంగు పూత ఉంది. నీలం, నీలాకుపచ్చ వెలుగుని తగ్గిస్తుంది. కళ్లద్దాల షాపులో చాలామంది దీని బదులు కంప్యూటర్ బ్లూ కట్ అద్దం అంటగడతారు, అది దాదాపు తెల్లగానే ఉంటుంది, దానికీ దీనికీ పోలిక లేదు. రంగు పేరు చెప్పి అడగండి. 2016లో హార్వర్డ్ పరిశోధకులు చూసినదేమిటంటే, అన్ని రంగుల కంటే సన్నటి పట్టీ ఆకుపచ్చ వెలుగు నొప్పిని తక్కువగా రేపుతుంది. మామూలు ఆకుపచ్చ బల్బు ఆ పని చేయదు, అందులో వేరే రంగులు కలిసే ఉంటాయి.

బయటికి పోలరైజ్డ్ అద్దాలు, బూడిదరంగువి. నీటి మీద పడి వచ్చే తళతళ అడ్డంగా ఉండే వెలుగు, దాన్ని అవి కోసేస్తాయి. ఫోన్ అడ్డంగా తిప్పితే నల్లగా కనిపించవచ్చు, అద్దం పాడైందనుకోకండి.

లాసన్స్‌బే_నడక

బీచ్ రోడ్డు నడకవాళ్లకి దీనికి జోడింపు. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా ఉంది. వేసవిలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు నడిస్తే ఉదయం సూర్యుడు దాదాపు ముఖం మీదే ఉంటాడు, హార్బర్ వైపు నడిస్తే వీపు మీద ఉంటాడు. కాబట్టి తెల్లవారకముందే భీమిలి వైపు వెళ్లే సగం ముగించి, సూర్యుడు లేచేసరికి వెనక్కి తిరిగి ఉండాలి. సముద్రం వైపు గట్టు వదిలి రోడ్డుకి అవతలి పేవ్‌మెంట్ పట్టుకోండి, ముందుకి అంచున్న టోపీ పెట్టండి.

అరకు రైలు గురించీ చెప్పాలి. సొరంగాల్లోంచి బయటికి వచ్చిన ప్రతిసారీ చీకటి నుంచి భళ్లున వెలుగు. కిటికీ సీటు వదులుకోండి. ఘాట్ రోడ్డులో చెట్ల సందుల్లోంచి పడే ఎండ కూడా అంతే, కారు వేగానికి అది మినుకులా మారుతుంది. ఆ భాగంలో కళ్లు మూసుకుంటే సరిపోదు, రెప్పల్లోంచి కూడా వెలుగు పోతుంది. అరచేయి అడ్డం పెట్టాలి.

సీషిఫ్టు_ఉక్కునగరం

బండి సంగతి. ఎవరూ రాయలేదు కాబట్టి కాస్త వివరంగా.

చూపులో ఖాళీ ఉన్నప్పుడు ప్రమాదం ఏమిటంటే అది నల్లగా కనిపించదు. మెదడు చుట్టుపక్కల రంగుతో ఆ చోటుని నింపేస్తుంది. రోడ్డు ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది, ఆ రోడ్డులో ఆటో మాయమై ఉంటుంది. "కనిపిస్తోందిలే, నెమ్మదిగా పోదాం" అనే మాట అందుకే నమ్మకూడదు. బస్సు బోర్డు మీద ఒక అక్షరం లేకపోయినా, ముందు బండి నంబరు ప్లేటులో అంకె లేకపోయినా అదే మొదటి సంకేతం. ఎడమ ఇండికేటర్, అద్దంలో కాదు మెడ తిప్పి చూడటం, రోడ్డు దిగి ఆపడం. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ లాంటి చోటికి ముందు అనుమానం వస్తే ఎక్కవద్దు, కిందే ఆపండి. ఎక్కాక వస్తే వరస మారకుండా ఎడమ అంచునే వేగం తగ్గించి దిగి ఆగాలి. తాళం తీసి జేబులో వేసుకోండి. గీతలు పూర్తిగా పోయాక కూడా నొప్పి, మత్తు, తడబాటు ఉంటాయి. బండి అక్కడే పెట్టి ఆటోలో ఇంటికి పోవడమే మంచిది.

క్రేన్, ఫోర్క్‌లిఫ్ట్, ఎత్తు మీద పని చేసేవాళ్లు సూపర్‌వైజర్‌తో ముందే ఒక మాట అనుకుని ఉంచుకోవాలి: చెయ్యెత్తి ఒక సైగ చేస్తే మారు ప్రశ్న లేకుండా దించేయాలి. ఆరా నడుస్తుంటే మాట తడబడవచ్చు, అప్పుడు వివరించడం కుదరదు. అందుకే సైగ.

సీ షిఫ్టు మారే వారం దాడులు ఎక్కువ. నిద్ర గంటలు తగ్గడం కంటే నిద్ర టైం జరగడం ఎక్కువ దెబ్బ తీస్తుంది. రాత్రి డ్యూటీ దిగాక ఎండలో ఇంటికి వచ్చేటప్పుడు నల్లద్దాలు, రాగానే కొంచెం తిని పడుకోవడం, సెలవు రోజున కూడా లేచే టైం రెండు గంటలకి మించి జరగనివ్వకపోవడం. టీ, కాఫీ రోజూ ఒకే లెక్కన తాగండి. డ్యూటీ రోజు ఆరు కప్పులు, సెలవు రోజు ఒకటి అంటే ఆ సెలవు రోజునే తలనొప్పి.

ఋషికొండ_స్క్రీన్

నైట్ షిఫ్టు స్క్రీన్లకి: కొత్త ఓలెడ్ ఫోన్లు వెలుగు తగ్గించినప్పుడు స్క్రీన్‌ని వేగంగా ఆర్పి వెలిగించి తగ్గిస్తాయి. అందుకే రాత్రి బాగా తగ్గించి చూస్తే ఇబ్బంది ఎక్కువ. వెలుగు సగం పైన ఉంచి, సెట్టింగుల్లో ఉండే ఎక్స్‌ట్రా డిమ్ ఆన్ చేయండి. ఇదే స్లో మోషన్ పరీక్ష స్క్రీన్ మీద కూడా చేయవచ్చు. ఎక్సెల్ గడులు, సన్నటి నల్ల తెల్ల చారలు కొందరికి కళ్లు తిప్పేస్తాయి. గడుల గీతలు ఆపేసి, వెనక రంగు లేత బూడిద పెట్టుకుంటే తేడా కనిపిస్తుంది.

పెందుర్తి_చదువరి

ఉపవాసాలు? కార్తీక సోమవారాలు, సింహాచలం గిరి ప్రదక్షిణ. మానేయమంటే ఇంట్లో ఒప్పుకోరు.

న్యూరోవార్డు_సిస్టర్

మానక్కర్లేదు, పద్ధతి మార్చాలి. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, రాత్రి నిద్ర లేదు, ఆషాఢ మాసపు ఉక్క, చెమట, ఆకలి, మూడు నాలుగు కారణాలు ఒకేచోట కలుస్తాయి. ఒక్క కారణం దాడి తేవడం తక్కువ, కలిస్తేనే తెస్తాయి. బయల్దేరేముందు మధ్యాహ్నం రెండు గంటలు నిద్ర, దారిలో గంటకోసారి ఏదో ఒకటి: అరటిపండు, మజ్జిగ, ఒక ప్యాకెట్ ఓఆర్‌ఎస్ సరిగ్గా లీటరు నీళ్లలో. బీపీ, కిడ్నీ జబ్బు ఉంటే ఓఆర్‌ఎస్ డాక్టర్ని అడిగి. కార్తీక సోమవారం నీళ్లు కూడా మానే నిర్జల ఉపవాసం ఆరా ఉన్నవాళ్లకి మంచిది కాదు. పాలు, పళ్లు తీసుకునే పద్ధతి ఉంది కదా, అదే పాటించండి.

ఆహారం మీద నింద వేసేముందు ఒక సంగతి. దాడికి ఒక రోజు ముందే మెదడులో మార్పు మొదలవుతుంది: ఆవలింతలు, మెడ పట్టేయడం, తీపి మీద కోరిక, వెలుగు గుచ్చడం. అప్పుడు తిన్న చాక్లెట్‌ని తర్వాత దోషిగా నిలబెడతాం. నిజానికి చాక్లెట్ కోరిక దాడిలో భాగం కావచ్చు. ఒక పదార్థం తిన్న ప్రతిసారీ వస్తోందని డైరీలో మూడు నాలుగుసార్లు కనబడితేనే మానండి. లేకపోతే తినే వస్తువులన్నీ ఒక్కొక్కటే పోయి ఆకలే కారణమై కూర్చుంటుంది.

డైరీలో రాయాల్సినవి ఎక్కువ అక్కర్లేదు. తేదీ, గీత మొదలైన టైం, ఏ పక్క, ఎన్ని నిమిషాలు, నొప్పి మొదలైన టైం, ఏ మాత్ర ఎంత ఎప్పుడు, 2 గంటల తర్వాత ఎలా ఉంది, ఆడవాళ్లకి నెలసరి రోజు. మూడు నెలలు రాస్తే నివారణ మందు అవసరమా కాదా అని డాక్టరు అయిదు నిమిషాల్లో చెప్పగలుగుతారు. మామూలుగా నెలకి నాలుగు రోజులు దాటి పనిని చెడగొడుతుంటే అవసరమే.

మందులకొట్టు_మద్దిలపాలెం

నివారణ మందుల్లో తెలిసి ఉండాల్సినవి క్లుప్తంగా. ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకి పనికిరాదు, హఠాత్తుగా మానకూడదు. ఫ్లూనరిజిన్ 5 లేదా 10 మి.గ్రా. రాత్రి, నిద్రమత్తు, ఆకలి, బరువు పెరుగుతాయి. మనసు దిగులుగా అనిపించడం మొదలైతే అది మందు వల్ల కావచ్చు, డాక్టరుకి చెప్పండి. అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. రాత్రి మొదలు. వాల్‌ప్రోయేట్ పిల్లలు పుట్టే వయసు స్త్రీలకి వద్దు. టోపిరమేట్ కూడా గర్భంలో శిశువుకి ప్రమాదం.

ఏ మందైనా సరైన మోతాదుకి చేరాక కనీసం 8 వారాలు చూడాలి. రెండో వారంలో "పని చేయడం లేదు" అని ఆపేసిన చీటీలే ఎక్కువ కనిపిస్తాయి. మెగ్నీషియం, రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) రోజుకి 400 మి.గ్రా. కూడా రాస్తుంటారు. రైబోఫ్లేవిన్‌తో మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంది, కామెర్లు అనుకుని కంగారుపడకండి.

కంటిపరీక్ష_వాల్తేరు

టోపిరమేట్ గురించి ఇంకొక్క మాట, ఇది మన విషయానికి నేరుగా సంబంధించింది. మొదలుపెట్టిన మొదటి నెలలో రెండు కళ్లకీ దూరం మసకబారి, కంటి నొప్పి వస్తే అది ఆరా కాదు. ఆ మందు వల్ల కంటి లోపలి భాగాలు ముందుకి జరిగి ఒత్తిడి పెరగడం. ఆరాలా అరగంటలో పోదు, గంటగంటకీ పెరుగుతుంది. మరుసటి మాత్ర వేయకుండా, ఆ స్ట్రిప్ చేత్తో పట్టుకుని అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లండి. కౌంటర్లో ముందుగా ఆ మందు పేరు చెప్పండి. అందరికీ వేసే పాప పెద్దది చేసే చుక్కలు, కంటి ఒత్తిడి చూడకముందే మీకు వేయకుండా ఆగుతారు.